వెనక్కి తిరిగిన సూరి

...ఇంటికి చేరాడని ఒక్క వాక్యమైనా రాయాలి కదా, నూట అరవై పేజీలు రాసినవాడికి ఒక్క వాక్యం బరువా? ఐదో అధ్యాయంలో సూరికి కడుపునొప్పి వచ్చింది. మీరు వెళ్ళండి, నేను ఇంటికి పోతానన్నాడు. సూరి వెనక్కి తిరిగాడు. అంతే. గుహ, కొండచిలువ, వరద, దొంగల పడవ, అవన్నీ మిగిలిన ఇద్దరివే. ఇస్రార్ ఆరో అధ్యాయం నుంచి చివరిదాకా వరస వెంబడి వేలు జరుపుతూ సూరి పేరు వెతికాడు. లేదు. లేచి కుండలో నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ వెతికాడు.

యాభై మూడేళ్ళ మనిషి పిల్లల నవల చదువుతుంటే ఎవరైనా చూస్తారేమోనని గడపవైపు ఒక కన్ను వేసే ఉంచాడు. బోధన్ బస్టాండు వెనక సందులో అతనిది జిల్దుల దుకాణం. చినిగిన పుస్తకాలు కుట్టి, కొత్త అట్టలు వేసి ఇస్తాడు. ముప్పై ఏళ్ళలో వేల పుస్తకాలు ఈ చేతుల్లోంచి పోయాయి గాని ఒక్కటీ చదవలేదు. చదివితే పని ఆగుతుంది. పైగా తను చదువుకున్నది ఉర్దూ మీడియంలో. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటిగా కూడబలుక్కోవాలి.

ఈ పుస్తకం చదవడం ఒక తప్పు వల్ల మొదలైంది. సర్కారు బడి సుకన్య టీచర్ ఇచ్చిన మూటలోది. వారమంతా కుడి నుంచి తెరిచే ఉర్దూ పుస్తకాలకు అట్టలు వేసిన చేతులు, అదే ఊపులో దీనికి కూడా పేరున్న అట్టను చివరి పేజీ వైపు అతికించాయి. లై జిగురు ఆరాక తెరిచి చూస్తే పడవలోంచి ఇద్దరు పిల్లలు దిగుతున్నారు, ఊరంతా పరుగెత్తుకొస్తోంది. కథ మొదలు ఇదేననుకుని చదివాడు. పేజీ తిప్పబోతే ఇంకేమీ లేదు. అప్పుడు తప్పు తెలిసింది. అటు నుంచి తెరిచాడు. మొదటి పేజీలో పిల్లలు ముగ్గురు.

మూడోవాడు ఏమయ్యాడు? ఆ ఒక్క ప్రశ్నతో రెండు రోజులు పోయాయి. కాగితం వంకరగా తెగుతోంది. ఫ్యాను వేస్తే చప్పుడు, ఆపితే ఉక్క.

సూరి ఎలా నడిచి ఉంటాడో తనకు తెలుసు. అదే పీడిస్తోంది. మొదటి వంద అడుగులు మెల్లగా, వీపు మీద చూపులున్నట్టు. ఆ తర్వాత పరుగు. ఇల్లు కనిపించగానే ఆకలి. ఆ ఆకలికి సిగ్గు.

చిన్నప్పటి మాట. తనకు పదకొండేళ్ళు, తమ్ముడు అజర్‌కు ఎనిమిది. మంజీర నది చూద్దామని చెరకు తోటల్లోంచి నడిచారు. రెండు వైపులా మనిషిని మించిన చెరకు, ఆకులు చెంపలు కోస్తున్నాయి. అజర్‌కు దాహమైంది. నీళ్ళు తెస్తా, ఇక్కడే కూర్చో అన్నాడు ఇస్రార్. ఆ మాట అంటున్నప్పుడే తెలుసు, తిరిగి రాడని. కాలువ ఎటుందో తెలుసు, ఇల్లు ఎటుందో తెలుసు. ఇంటికే వచ్చాడు. అన్నం తిన్నాడు. అడిగితే దారి తప్పానన్నాడు, తమ్ముడు ఎక్కడున్నాడో తెలియదన్నాడు. మర్నాడు పొద్దున చెరకు కొట్టేవాళ్ళు అజర్‌ను బండి మీద దింపి పోయారు.

నలభై రెండేళ్ళుగా ప్రతి పెళ్ళిలో, ప్రతి పండగలో అజర్ ఆ కథ చెప్పి నవ్విస్తాడు. ఎప్పుడూ ఒకే చోట నవ్వి అన్న వైపు చూస్తాడు. వాడికి తెలుసా? తెలిసి కాపాడుతున్నాడా, తెలిసే పొడుస్తున్నాడా? లేక వాడు మామూలుగా చూస్తుంటే, ఆ చూపులో ఉన్నదంతా తనే పోస్తున్నాడా? అడగాలంటే ముందు చెప్పాలి. ఇంటి ఉర్దూలో ఆ మాట ఎన్నడూ అనలేకపోయాడు.

నిజామాబాద్‌లో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే అజర్, శుక్రవారం నమాజు ముగించుకుని మిర్చీ బజ్జీల పొట్లంతో వచ్చి అన్న దుకాణంలో కూర్చున్నాడు. కాసేపటికి సుకన్య టీచర్ వచ్చింది. పుస్తకం తిప్పి చూసి నవ్వింది.

"గిదేంది ఇస్రార్ భాయ్, మా పుస్తకాన్ని ఉర్దూ పుస్తకం జేసిన్రు? పిల్లలు ఇగ ఎన్కకెల్లి చదువుకుంట రావాల్నా?"

"తప్పైంది మేడం. ఊడదీసి మళ్ల అతికిస్త." ఇస్రార్ అట్ట అంచు గోకాడు. "ఒక్క మాట. గీ సూరి ఏమైండు?"

"ఏ సూరి?"

"కడుపునొస్తుందని ఎన్కకు మర్లిండు గదా, అడివిల."

"ఓ, వాడా! ఇంటికి వోయి ఉంటడు, ఇంకేమైతడు? పదేండ్ల సంది గీ కథ చెప్తున్న, ఒక్క పిల్ల గూడ అడగలే. మీరు మొత్తం చదివిన్రా?"

"మా భాయ్ చదివిండా!" అజర్ నోట్లో మిర్చీతోనే అన్నాడు. "ఇగ ఇయ్యాల వాన పడ్తది. మేడం, మాది గూడ ఒక కథ ఉన్నది గిసుంటిది. చెప్పాల్నా?"

"చెప్పుండ్రి."

"చిన్నప్పుడు మంజీర చూద్దామని చెరుకులకెల్లి పోయినం. నడిమిట్ల నాకు దూపైంది. భాయ్ నీళ్లు తెస్తనని పోయిండు. పోయినోడు పోయిండే! దారి తప్పి, ఏడ్సుకుంట ఇల్లు జేరిండు పాపం. నేనేమో చెరుకు నమలుకుంట తెల్లారేదాక రాజు లెక్క కూసున్న."

అక్కడే నవ్వాడు. అన్న వైపు చూశాడు. ఇస్రార్ చూపు లై గిన్నె మీదికి జారింది.

సుకన్య నవ్వలేదు. పిల్లలతో రోజూ ఉండే మనిషి. "ఎన్నేండ్లు మీకప్పుడు?" అంది.

"ఎనిమిది."

"ఒక్కరే? భయం గాలేదా?"

ఆ మాట ఇంతవరకు ఏ పెళ్ళిలోనూ ఎవరూ అడగలేదు. అజర్ మిర్చీని పొట్లంలో పెట్టాడు. నూనె వేళ్ళు కాగితానికి తుడుచుకున్నాడు.

"భయమెందుకు మేడం," అన్నాడు. "జాగ మారితే భాయ్‌కి దొర్కనని ఆడికెల్లి కదల్లే. అటు ఇటు పోకుంట, చప్పుడు జెయ్యకుంట కూసున్న. వస్తడని ఎర్కనే గదా."

నలభై రెండేళ్ళుగా ఇస్రార్ అనుమానించిన రెండు సంగతుల్లో ఏదీ కాదు ఇది. తమ్ముడు కాపాడలేదు, పొడవనూ లేదు. నమ్మాడు. ఇంకా నమ్ముతూనే ఉన్నాడు. ఇప్పుడు చెబితే ఆ చెరకులో కూర్చున్న పిల్లవాడు ఆ రాత్రంతా మళ్ళీ కూర్చోవాలి, ఈసారి ఎవరూ రారని తెలిసి. చెప్పకపోతే తను ఇంకా నడుస్తూనే ఉండాలి, వీపు మీద ఆ చూపుతో.

సుకన్య సంచి సర్దుకుంటోంది. అజర్ మళ్ళీ పొట్లం విప్పుతున్నాడు. ఇస్రార్ తల ఎత్తి, తమ్ముడి కళ్ళలోకి చూశాడు.

"అజర్," అన్నాడు, తెలుగులోనే. "నేను దారి తప్పలే."