మలుపులో అరుగు

తెల్లవారగానే ఫిక్రియా లేచి, రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన ఫూల్ చిక్కుడు గింజల్ని మెదిపి, నూనే ఉప్పూ జీలకర్రా వేసి, కూతురు రావియాకి రొట్టెతో పెట్టేది. తరవాత లోగిలి మధ్యనున్న పాలరాతి తొట్టె కడిగేది. ఆపైన మేడెక్కి జాలీ కిటికీ వెనక కూర్చునేది. ఆ జాలీలోని కొయ్యపూసలన్నీ ఆమె మొగుడు సబ్రీ, కొయ్యని గిర్రున తిప్పి చెక్కే తరిమెన పట్టి చేసినవే. అందులోంచి వీధిలో వాళ్ళు ఆమెకి కనిపిస్తారు, ఆమె వాళ్ళకి కనిపించదు. సబ్రీ ఎండలు ముదిరాక పోయాడు, ఇప్పుడు కొత్త ఖర్జూరాలు బజారుకొచ్చాయి. మొగుడు పోయినామె పాటించాల్సిన ఇద్దత్ గడువు ఇంకా తీరలేదు గనక విధవ ఇల్లు కదలడానికి లేదు. కదలాలని ఆమెకీ లేదు. ఏం చేయాలనీ లేదు.

కైరోలో దర్బ్ అల్ అహ్మర్ పేటలో, మమ్లూకు సుల్తానుల కాలంలో కట్టిన ఇల్లది. ఒక వరస ఎర్రరాయి, ఒక వరస తెల్లరాయి పేర్చిన గోడలు. వీధి గుమ్మం మీద తేనెపట్టులా చెక్కిన రాతి గూళ్ళు. దారినపోయేవాళ్ళు అవి చూసి మెచ్చుకుని పోతుంటారు గానీ, ఇంట్లో ఉండేవాళ్ళకి లెక్కలోకొచ్చేది మలుపు. వీధి తలుపు తీస్తే ఎదురుగా గోడే. పక్కకి తిరిగి, సన్నటి నడవలో కొంచెం నడిచి, మళ్ళీ తిరిగితే గాని లోగిలి కనపడదు. వీధిలో వాడి చూపు ఆడవాళ్ళ మీద పడకూడదని అలా కట్టారు. కట్టినవాళ్ళు అసాధ్యులు. ఆ మలుపు చూపుల్నే కాదు, ఇంకా చాలావాటిని తిరగనిచ్చేది కాదు. పోట్లాటకని ఎగిరిపడుతూ వచ్చినవాడు లోగిలిలోకొచ్చేసరికి మంచినీళ్ళడిగి తాగేవాడు. వాడి కోపం నడవలోని రాతి అరుగు మీద కూర్చుని, వాడు తిరిగెళ్ళేటప్పుడు వెంటబడేది. పేటలో అందరికీ తెలిసిన సంగతే.

సబ్రీ పనిచేస్తూ చేస్తూ తరిమెన ముందే కూలిపోయాడన్న కబురు ఫిక్రియాకి వీధి గుమ్మంలో చెప్పారు. ఆమె విని, తలుపు వేసి, గోడ పట్టుకుని లోపలికి నడిచింది. దుఃఖం మాత్రం మలుపు తిరగలేకపోయింది. నల్ల ముసుగు కప్పుకుని అరుగు మీదే కూర్చుండిపోయింది. పరామర్శకొచ్చినవాళ్ళు దానికి సలాం చెప్పి, పక్కగా ఒదిగి నడిచేవాళ్ళు. లోగిలిలో ఫిక్రియా పొడికళ్ళతో వాళ్ళకి కాఫీ ఇచ్చేది.

పక్కింటి హజ్జా బసీమా రోజూ వచ్చేది.

"ఏమే, అది ఆ చల్లటి రాతి మీద వణుకుతోంది. వెళ్ళి ఒకసారి పలకరించు."

"వెళ్తాలే అత్తా."

"నిన్నా ఇదే అన్నావు. అది కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటోంది. తట్టుకుని పడ్డాననుకో, ఈ ముసలిదాన్నెత్తేది నువ్వా, అదా?"

ఫిక్రియా నవ్వాలనుకుంది. ఎలా నవ్వాలో గుర్తురాలేదు.

ఖర్జూరాలొచ్చిన ఆ వారంలోనే టాంటా నుంచి మరిది షౌకీ వచ్చాడు. మంచివాడు, అన్న మీద ప్రాణం పెట్టుకున్నవాడు. కాఫీ తాగి, కప్పు కింద పెట్టి అడిగాడు.

"వదినా, రావియాని మాతో పంపించు. మాకెలాగూ పిల్లల్లేరు. మా ఆవిడ అఫాఫ్ దాన్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటుంది."

"ఎన్నాళ్ళకి?" అని అడిగింది హజ్జా. ఫిక్రియా కాదు.

"పెంచుకుంటామనే అడుగుతున్నా."

"సరే," అంది ఫిక్రియా, టీలో చక్కెర వెయ్యనా అంటే అన్నట్టు.

"ఆయన అడిగేది పిల్లనే, కోడిపిల్లని కాదు," అంది హజ్జా.

"అది బాగానే ఉంటుందత్తా. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా కంటతడి పెట్టలేదు. నాలాగే గట్టిది."

రావియా తొట్టె పక్కన నిలబడి అంతా వింది. సబ్రీ పోయిన దగ్గర్నుంచీ దాని జడలు అదే అల్లుకుంటోంది. ఎడమది వదులు, కుడిది బిగువు.

"నా పెట్టె తీసుకెళ్తా," అంది.

అది దాని పెళ్ళికని సబ్రీ లోగిలిలోనే కూర్చుని చేసిన కొయ్యపెట్టె. చేస్తున్నప్పుడే హజ్జా ఎగతాళి చేసింది, ఇంత పెట్టె మలుపెలా తిరుగుతుందయ్యా అని. పెళ్ళినాటికి నేనుంటాగా, విప్పి అవతల బిగిస్తా అన్నాడు సబ్రీ.

శుక్రవారం నమాజయ్యాక షౌకీ, గాడిదబండి మన్సీని వెంటబెట్టుకొచ్చాడు. రావియా తల్లి చెయ్యి ముద్దుపెట్టుకుని, మలుపు తిరిగి వెళ్ళి బండెక్కి కూర్చుంది. ఫిక్రియా లోగిలిలో నిలబడి ఉంది. తనకేదో అనిపించాలని ఆమెకి తెలుసు. అనిపించలేదు. అనిపించకపోవడం ఘోరమని కూడా తెలుసు. అదీ అనిపించలేదు.

మగవాళ్ళిద్దరూ పెట్టెని ముందునుంచి లాగుతూ మొదటి మలుపు ఎలాగో తిప్పారు. రెండో మలుపు దగ్గర, వీధి తలుపుకి ఇవతల, అది గోడల మధ్య బిగుసుకుపోయింది.

"వదినా, వెనకనుంచి ఒక్క తోపు తొయ్యి," అని కేకేశాడు షౌకీ.

నడవ ఇంట్లోదే, ఇద్దత్‌కి అడ్డులేదు. కబురు విన్న రోజు తరవాత ఫిక్రియా అక్కడికి రావడం అదే మొదలు. అరుగు మీద తన దుఃఖం కూర్చునుంది. ఉతికి ఆరేసిన తన బట్టల్ని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది. అది ఒక పక్కకి జరిగి ఉంది. తనకి చోటిచ్చిందనుకుంది. కాదు. దాని పక్కన, దాని భుజానికి తలానించి, ఇంకొకటి కూర్చునుంది. చిన్నది. కాళ్ళు నేలకి అందడం లేదు. ఎడమ జడ వదులు, కుడి జడ బిగువు. ఒళ్ళో సగం తిన్న రొట్టెముక్క.

"ఇదెప్పట్నుంచి ఉంది?" అంది ఫిక్రియా.

వెనకే వచ్చిన హజ్జా చెప్పింది. "నీ దానితో పాటే. పిల్ల రోజూ బడినుంచొచ్చి ఇక్కడ కూర్చుని ఏడ్చి, దీన్నిక్కడ వదిలి, మొహం తుడుచుకుని నీ దగ్గరికొచ్చేది."

"నాకు చెప్పలేదేం?"

"వెళ్ళి పలకరించమని రోజూ చెప్తూనే ఉన్నాగా."

ఫిక్రియా ఆ రెండింటి మధ్యా కూర్చుంది. పెద్దది ఆమె చెయ్యి పట్టుకుంది. సబ్రీ ఇంక రాడన్న సంగతి ఆమెకి అప్పుడు తెలిసింది. గొంతులోంచి వచ్చిన ఏడుపు ఎవరిదో అనుకుంది ముందు. అవతల పెట్టె లాగడం ఆగిపోయింది.

"షౌకీ."

"ఏం వదినా?"

"లాగకు. లోపలికి తొయ్యి."

"రైలు టైమవుతోంది."

"పిల్ల రాదు. నా పిల్లని నేనివ్వను. అఫాఫ్‌ని నన్ను క్షమించమను."

అవతలినుంచి మన్సీ గొంతు వచ్చింది. "లోపలికైతే బాగానే కదుల్తోంది సార్."

పెట్టె జరిగేదాకా రావియా ఆగలేదు. బండి దిగి పరిగెత్తుకొచ్చి, దాని మీదికెక్కి, ఇవతలికి దూకి, తల్లి మెడ పట్టుకుంది. ఫిక్రియా ఆ చిన్నదాన్ని చంకనెత్తుకుని, రావియా చెయ్యి పట్టుకుని లేచింది. పెద్దది ఆమె కొంగు పట్టుకుని వెంట నడిచింది. అందరూ మలుపు తిరిగి లోగిలిలోకొచ్చారు.

భోజనానికి కూర్చుని, పొద్దుటి ఫూల్ ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే ఫిక్రియా ఉమ్మేసింది.

"ఇంత ఉప్పేమిటే? ఎన్నాళ్ళనుంచి ఇలా తింటున్నావు?"

"నాన్న పోయినప్పట్నుంచీ," అంది రావియా, రొట్టె ముంచుకుంటూ.

ఫిక్రియా దాని ముందునుంచి ఆ గిన్నె తీసేసి, ఏడుస్తూనే లేచి, గుడ్లు వేయించడానికి పొయ్యి వెలిగించింది.