మూతి వంకర

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం ఆయన ఉద్యోగం, ఫొటోలు తీయడం పిచ్చి. ఉద్యోగం రిటైర్మెంటుతో వదిలింది గానీ పిచ్చి వదల్లేదు. బావమరిది పెట్టిన ‘క్లిక్కు బావ’ అన్న పేరు చుట్టాల నోళ్లలో నాని నాని, అసలు పేరు ఆయనే గుర్తు చేసుకోవాల్సిన పరిస్థితి వచ్చింది.

మొదటి కెమెరా ఎవరో వాడి వదిలేసింది. కన్ను పెట్టి చూసే కిటికీ ఒకచోట, లెన్సు ఇంకోచోట. ఈయన చూసేదొకటి, అది తీసేదొకటి. ఒక ఫొటోలో బావమరిది కొత్త చొక్కా గుండీలతో సహా పడింది గానీ బావమరిది తల పడలేదు. ఆ కోపంలోంచి పుట్టిందే ఆ పేరు.

రెండోది అసలైన కెమెరా. కన్ను పెడితే లెన్సు చూసేదే కనిపించేది. దాన్ని చంటిపిల్లలా సాకాడు. కడిగించి తెచ్చిన ఫొటోలను ప్రూఫు చూసినట్టే చూసేవాడు. ఇక్కడ మోచెయ్యి తెగింది, అక్కడ నెత్తిమీద కరెంటు స్తంభం మొలిచింది అని గొణుక్కునేవాడు. ఒక్క భార్య ఫొటోల్లో మాత్రం తప్పు దొరికేది కాదు. వంటగదిలో తీసినా, బస్టాండులో తీసినా ఆవిడ పగలబడి నవ్వుతూనే ఉండేది. అదంతా తన హస్తవాసి అని ఆయన నమ్మకం. ఎవరు ఆల్బం తెరిచినా ఆ పేజీ దగ్గర కాసేపు ఆపించి మరీ చూపించేవాడు.

తర్వాత కూతురు డిజిటల్ కెమెరా కొనిపెట్టింది. వెనకాల తెర, చెయ్యి చాచి పట్టుకుంటే చాలు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, అప్పట్నుంచీ భార్య నవ్వడం మానేసింది. గుర్తింపు కార్డు కోసం కూర్చున్నట్టు పెదాలు బిగించుకుని కూర్చునేది. ఆయన వెలుతురు మార్చాడు, లెన్సు మార్చాడు, చివరికి ఫోనుతో కూడా తీసి చూశాడు. లాభం లేకపోయింది. వయసు మీద పడింది కాబోలు అనుకుని సరిపెట్టుకున్నాడు.

ఇలా ఉండగా ఆవిడ ఎడమ చెవి కింద గడ్డ లేచింది. తీసేయాలన్నాడు డాక్టరు. ముఖాన్ని కదిపే నరం ఆ గడ్డలోంచే పోతోందనీ, ఆపరేషన్ తర్వాత నవ్వు ఒక పక్కకి పోవచ్చనీ, కొన్నాళ్లకి సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చనీ చెప్పాడు. ఆయన ఇంటికి రాగానే కెమెరా తీశాడు.

"ఒక్కసారి నవ్వవే."

"ఇవాళ ఎలా వస్తుందండీ నవ్వు? భయంగా ఉంది నాకు."

"భయమెందుకు? నేను లేనూ?"

"మీరు నన్ను చూడటంలేదు. రేపు పోయే నవ్వుని చూస్తున్నారు."

ఆయన కెమెరా పక్కన పెట్టి ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఆ నవ్వు ఇక దొరకదేమోనన్న దిగులు మాత్రం పోలేదు.

ఆపరేషన్ అయింది. గడ్డ ప్రమాదం లేనిదేనని తేలింది. కట్టు విప్పాక పెదవి ఎడమ సగం మాత్రం లేవలేదు. ఇంటికొచ్చాక ఆవిడ అద్దానికి మొహం చాటేసింది. ఎవరొచ్చినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. కూతురు ఫోన్లో కనబడితే ఫోను పైకప్పు వైపు తిప్పి మాట్లాడేది. ఆయనతో కూడా కొంగు చాటునుంచే మాట్లాడుతుంటే ఆయన ప్రాణం ఉసూరుమనేది. ఈవిడ ఇక నాకు కూడా మొహం చూపించదా అని లోలోపల కుమిలిపోయేవాడు.

ఒక పొద్దున బీరువా సర్దుతుంటే చంటిపిల్లలా సాకిన పాత రీలు కెమెరా చేతికొచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని బట్టతో తుడుస్తున్నాడు.

"ఆ డిజిటలుదాన్ని మాత్రం నా మీదకి తేకండి. అందులో ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు," అంది ఆవిడ కొంగు చాటునుంచి.

"ఇది పాతదేగా."

"దాంట్లో రీలు లేదుగా?"

"ఈ రోజుల్లో రీలెక్కడిదే?"

"అయితే తీసుకోండి. మీ ముచ్చట నేనెందుకు కాదనాలి?"

ఆయన కుడికన్ను కెమెరా కిటికీకి ఆనించి, ఎడమకన్ను మూసి, బటను నొక్కాడు. టప్పుమంది. అంతలో కిసుక్కుమని చప్పుడు. ఆ కిసుక్కు కాస్తా పెద్దదై, ఆవిడ కొంగు జారిపోయి, పొట్ట పట్టుకుని నవ్వసాగింది. కుడి సగం చెంపమీదికి ఎగబాకుతోంది, ఎడమ సగం కదలకుండా కూర్చుంది.

"ఏమైందే?"

"ఆ మూతి! ఎన్నేళ్లయిందండీ చూసి! కన్ను మూయగానే మీ మూతి ఎడమ పక్కకి కొట్టుకుపోతుంది. అప్పట్లో నేను నవ్వేది దానికే. తెర కెమెరా వచ్చాక మీ మొహం మామూలుగా ఉండేది, ఇంక దేన్ని చూసి నవ్వను?"

హస్తవాసి అని ఇన్నేళ్లూ విర్రవీగింది ఈ మూతి గురించా! ఆయనకు సిగ్గేసింది, వెంటనే నవ్వూ వచ్చింది.

"ఒకసారి చెప్పొచ్చుగా?"

"చెబితే సరిచేసుకుంటారు. ప్రూఫులు దిద్దే మనిషి మీరు." ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "ఇప్పుడు చూడండి, ఎదురెదురుగా కూర్చుంటే మీ మూతి ఎటో నా మూతీ అటే. అద్దం పెట్టినట్టుంది."

ఆయన కళ్లు తుడుచుకుని, అలవాటుకొద్దీ రీలు జరిపే మీట లాగాడు. వేలికి బరువు తగిలింది. కెమెరా పైనున్న చిన్న మర దానంతట అది గిర్రున తిరిగింది. లోపల రీలుంటేనే అది తిరుగుతుంది. ఎప్పుడో సగం తీసి మరిచిపోయింది కాబోలు.

దాచేద్దామా అనిపించింది. రీలు లేదన్న మాట మీదే ఆవిడ ఫొటోకి ఒప్పుకుంది.

"ఏమే," అన్నాడు మెల్లగా. "ఇందులో రీలుందే. ఇందాకటిది పడే ఉంటుంది."

ఆవిడ నవ్వు ఆగింది. చెయ్యి కొంగు దాకా వెళ్లింది. కాసేపు అక్కడే ఉంది.

"అయితే ఇంకోటి తీయండి," అంది కొంగు ఒళ్లో పెట్టుకుంటూ. "ఇందాక నోటికి అడ్డం పెట్టుకున్నా."