తాడు లాగే మనిషి

ఈ కన్యాస్త్రీల మఠంలో నాకు నచ్చిన చోటు రాత గది ఒక్కటే. అక్కడ మాట్లాడకూడదు. చాకు కావాలంటే ఎడమ అరచేతిమీద వేలితో గీకినట్టు చూపించాలి. సిరా కావాలంటే వేలు ముంచినట్టు చూపించాలి. చదవడానికి పుస్తకం కావాలంటే రెండు అరచేతులూ కలిపి తెరవాలి. నోరు విప్పితే మాట తడబడే నాకు అంతకన్నా ఏం కావాలి? వంటగదిలోనూ బట్టలుతికే తొట్టి దగ్గరా అందరూ అరుచుకుంటూ మాట్లాడతారు. నేను ఒక జవాబు కూడగట్టుకునేసరికి వాళ్లు వేరే సంగతిలోకి వెళ్లిపోయి ఉంటారు. “ఈ పిల్ల నాలుక ఊళ్లోనే మర్చిపోయి వచ్చిందే!” అని నవ్వుతారు.

నేనిక్కడికి వచ్చి మూడేళ్లయింది. మా ఊరు ఇదే దీవికి అవతలి ఒడ్డున ఉంది. ఊరి పాదిరిగారు గుడి మెట్లమీద నలుగురు మగపిల్లలకు అక్షరాలు నేర్పేవారు. నేను వెనక కూర్చుని మట్టిలో పుల్లతో గీసుకుంటూ నేర్చుకున్నాను. అమ్మ పోయాక ఆయన మా నాన్నతో, “మిరోష్, మీ దోబ్రుష చేతిరాత మఠానికి పనికొస్తుందయ్యా,” అన్నారు. నాన్న నన్ను గాడిదమీద కూర్చోబెట్టి కొండ దాటించి తీసుకొచ్చాడు. తలుపు దగ్గర ఎండు అత్తిపళ్ల మూట నా చేతిలో పెట్టి, “చలికాలం పోనీ తల్లీ, వస్తా,” అన్నాడు.

ఆ చలికాలంలోనే ఆయన ఎక్కిన పడవ తిరిగి రాలేదు. ఉప్పు అమ్మేవాడు కబురు తెచ్చాడు. మనిషి దొరకలేదు కాబట్టి సమాధి కూడా లేదు.

ఊళ్లో పడవల్ని ఒడ్డుకు లాగేటప్పుడు తాడు కొస మా నాన్నే పట్టేవాడు. పాట కూడా ఆయనే ఎత్తుకునేవాడు. ఏళ్ల తరబడి తాడు మోసి మోసి ఆయన కుడి భుజం ఎడమదానికన్నా కిందికి దిగిపోయింది. ఇప్పుడు ఆయన మొహం తలుచుకుందామంటే సరిగా గుర్తు రావడం లేదు. ఆ భుజం మాత్రం గుర్తుంది.

ఈ సంగతులన్నీ తోలు ముక్కలమీద రాసుకుంటాను. మేం రాసే తోలు పుటల అంచులు కోయగా మిగిలిన ముక్కల్ని బోనక్క నాకిస్తుంది. బోనక్క మా రాత గదికి పెద్ద. నలభై ఏళ్లు రాసిన మనిషి. ఇప్పుడు ఆమె చూపు మందగించింది. కిటికీ ఎటుందో తెలుస్తుంది కానీ అక్షరం తెలియదు. అందుకే ఆమె బల్ల నాకు వచ్చింది.

పోయిన శరత్కాలంలో జాదర్ పట్నం నుంచి ఫేమియమ్మ అనే పెద్దింటి వితంతువు చిన్న ప్రార్థన పుస్తకం ఒకటి చేసిపెట్టమంది. అరచేతిలో ఇమిడేంత పుస్తకం. రాత నాది, పెద్దక్షరాలకు బంగారు రేకు అంటించే పని నికొలోటక్కది. ఒకరోజు మధ్యాహ్నం కీర్తన రాస్తుంటే కింద ఒడ్డునుంచి పాట వినిపించింది. ఉత్తరపు గాలి వచ్చేలోపు పడవల్ని పైకి లాగుతున్నారు. ఒకడు ఎత్తుకుంటున్నాడు, మిగిలినవాళ్లు అందుకుంటున్నారు. నేను తలెత్తి కిటికీ వైపు చూశాను. కాసేపే. మళ్లీ చూపు దించి, రాయడం ఆపిన మాటను మూలప్రతిలో వెతుక్కుని ముందుకు సాగాను. ఆ మాటే కింది పంక్తి చివర కూడా ఉందని నేను గమనించలేదు. నా కన్ను కిందిదాని మీద వాలింది. మధ్యలో పంక్తి మొత్తం ఎగిరిపోయింది.

సరిచూసే రోజు మాత్రం రాత గదిలో గొంతులు వినిపిస్తాయి. నికొలోటక్క నేను రాసింది పైకి చదువుతుంది, బోనక్క కళ్లు మూసుకుని వింటుంది. కీర్తనలన్నీ ఆమెకు నోటికి వచ్చు.

“ఆగాగు,” అంది బోనక్క. “ఒక వరస ఏమైంది?”

నికొలోటక్క మళ్లీ చూసింది. “లేదక్కా. రాయలేదు.”

“పుటంతా ఇంత శుభ్రంగా రాసి ఒక వరస మింగేసిందా?”

“పొద్దున జావ చాల్లేదేమో!” అని నవ్విన నికొలోటక్క, పుట వెనక్కి తిప్పగానే నవ్వు ఆపేసింది. “అక్కా, దీని వెనకాల నా పెద్దక్షరం ఉంది. చెరపడానికి ఇటు చాకుతో గీకితే అటు బంగారం రాలిపోతుంది. ఆ రేకు అంటించడానికి ఊపిరి బిగబట్టి చచ్చాను నేను!”

కబురు మఠం పెద్దమ్మగారికి వెళ్లింది. ఆవిడ పేరు మరిస్లావ. కోప్పడరు. నెమ్మదిగానే మాట్లాడతారు, అదే భయం.

“గురువారం ఫేమియమ్మగారు వస్తున్నారు. కొత్త పుట చెయ్యడానికి వ్యవధి లేదు. ఎలా సరిదిద్దుతావో దిద్దు. ఆవిడ ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే, అమ్మాయ్, నువ్వు తొట్టి దగ్గరికి వెళ్లిపో. నిలకడ లేని చేతికి తడిబట్టలే మేలు.”

నేను తల ఊపాను. తొట్టి దగ్గర పదకొండుమంది ఉంటారు. రోజంతా మాటలే.

బోనక్క దారి చెప్పింది. “తప్పిపోయిన వరస పుట అడుగున రాయి. వరస తప్పిన చోట ఒక చిన్న సిలువ, అడుగున ఒక చిన్న సిలువ పెట్టు. చదివేవాళ్లు వెతుక్కుంటారు. అందరూ అంతే చేస్తారు.”

అడుగున పంక్తి రాశాను. పైన సిలువ పెట్టబోయి ఆగాను. ఫేమియమ్మకు వయసైపోయింది. చీమంత సిలువలు ఆవిడకు కనిపిస్తాయా? కింద పడిపోయిన పంక్తి పద్దెనిమిది పంక్తులు దాటి పైకి రావాలి. దాన్ని ఎవరైనా లాగితే తప్ప రాదు.

పంక్తి తప్పిన చోట, పక్క అంచులో, ఒక మనిషిని గీశాను. కాళ్లు తన్నిపట్టి వెనక్కి వాలిన మనిషి. ఆయన చేతుల్లోంచి తాడు అంచు వెంట కిందికి దిగి, అడుగున ఉన్న పంక్తి చుట్టూ తిరిగింది. రంగులు వెయ్యలేదు. రాతకు వాడే మాచికాయ సిరాతోనే గీశాను. మొహం చిన్న చుక్కంత. భుజం మాత్రం జాగ్రత్తగా దించాను.

పక్కన కూర్చున్న బోనక్క చెవి ఇటు తిప్పింది. గదిలో మాట్లాడకూడదన్న నియమం కూడా మరిచిపోయింది.

“ఏం చేస్తున్నావే? ఆ చప్పుడు రాతలా లేదు.”

“తాడు గీస్తున్నానక్కా,” అని గుసగుసగా అన్నాను.

“తాడా? దేనికి?”

“వరస పైకి లాగడానికి.”

బోనక్క పెదవులు బిగించింది. తిడుతుందేమో అనుకున్నాను. “అయితే ముడి గట్టిగా వెయ్యి,” అంది.

గురువారం గాలి తగ్గక ఫేమియమ్మ పడవ ఆలస్యంగా వచ్చింది. గౌను అంచులు ఉప్పునీళ్లతో బిరుసెక్కి ఉన్నాయి. నీళ్లు కలిపిన ద్రాక్షసారా ఇస్తే వద్దని, పుస్తకం తెమ్మంది. వేలు నాలుకకు అద్దుకుంటూ ఒక్కో పుటే తిప్పింది. నికొలోటక్క వేసిన బంగారు అక్షరం దగ్గర “ఊఁ” అంది. ఆ పుట తిప్పింది. ఆగింది.

“ఇదేంటి?”

పెద్దమ్మగారు ముందుకు వచ్చారు. “చిన్న పొరపాటు జరిగిందండీ, రాసిన పిల్ల...”

“పొరపాటు నాకు కనపడుతోందమ్మా. నేనడిగేది ఈ మనిషి ఎవరని.”

అందరూ నా వైపు తిరిగారు. నా చెయ్యి తనంతట తానే లేచింది, రాత గదిలో లేచినట్టు. కానీ ఏం చూపించను? మా సైగల్లో చాకు ఉంది, సిరా ఉంది, చేప ఉంది, తేనె కూడా ఉంది. నాన్న లేడు.

“మా నాన్న,” అన్నాను.

“ఆ భుజమేంటి, అలా జారింది?”

“తాడు... ఎప్పుడూ ఆ భుజంమీదే వేసుకునేవాడండీ.”

“వేసుకునేవాడంటే?”

“సముద్రంలో పోయాడండీ.”

ఆవిడ పుస్తకం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. “నా ప్రార్థనలో మీ నాన్నని నిలబెట్టావు. నన్నడగాలని తోచలేదా?”

నాకు వచ్చిన జవాబు ఒక్కటే. “ఆయన తాడు వదలడండీ.”

పెద్దమ్మగారు గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. ఫేమియమ్మ మాత్రం ముక్కుతో నవ్వింది.

“మా ఇంట్లో ఏడుగురు పనివాళ్లున్నారు. నేను గదిలోంచి బయటికెళ్తే చాలు, చేతిలోది కింద పెట్టేస్తారు. ఇతనే నయం. ఉండనీ.”

పుస్తకం బట్టలో చుట్టి, శాలువా కింద దాచుకుని, గాలి మళ్లీ పెరగకముందే పడవ ఎక్కేసింది. నేను గోడ దగ్గర నిలబడి తెరచాప కనిపించినంతసేపు చూశాను. నాన్న పట్నం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు వెళ్తున్నాడు.

సాయంత్రం పెద్దమ్మగారు పిలిచారు. “బల్ల నీదే. కానీ విను. అది అవసరానికి గీసిన బొమ్మ కాబట్టి ఊరుకున్నాను. వరస తప్పితేనే ఆ మనిషి రావాలి. ఊరికే రాకూడదు. ఇంకోసారి వరస తప్పితే నువ్వు ఈ గదిలో ఉండవు. తెలిసిందా?”

“తెలిసిందమ్మగారూ.”

ఇది జరిగి నాలుగు నెలలైంది. తోలు ముక్కలమీద ఆయన్ని గీద్దామని చాలాసార్లు చూశాను. లాగడానికి ఏమీ లేకపోతే ఆయన నిలబడడం లేదు. వీపు గోక్కుంటున్న ఎవరో మనిషిలా వస్తున్నాడు. ఆ బొమ్మలు గీకేశాను.

బోనక్క ఇప్పుడు రాత గదికి రావడం లేదు, మెట్లు ఎక్కలేకపోతోంది. నికొలోటక్క బల్ల ఆ చివర ఉంది. సైగ చేస్తే సైగ చేస్తుంది. ఈ నిశ్శబ్దం నేను కోరుకున్నదే.

ఈరోజు మధ్యాహ్నం ఒడ్డునుంచి మళ్లీ పాట వచ్చింది. ఎత్తుకున్నవాడి గొంతు కుర్రగొంతు. నా ముందున్న మూలప్రతిలో ఒకే మాటతో ముగిసే పంక్తులు రెండున్నాయి, ఒకదాని కింద ఒకటి. తలెత్తితే చాలు, చూపు తప్పుతుంది. కావాలని చేశానని ఎవరూ అనుమానించరు కూడా. పుట అంచు వెడల్పుగా, తెల్లగా ఉంది. ఒక మనిషి నిలబడేంత చోటు.

కలం సిరాలో ముంచాను. ఎడమ చేతి వేలు మొదటి పంక్తి కింద ఆనించి దాన్ని చివరిదాకా రాశాను. వేలు కిందికి జరిపి రెండోదీ రాశాను.

అప్పటికి ఒడ్డున పాట ఆగిపోయింది. పడవ పైకి వచ్చేసినట్టుంది.