పసుపు తాగిన సిత్రోయెన్

నిజామాబాద్‌లో కలాయి ముక్తార్ వాకిట్లో ఒక ఫ్రాన్సు కారుండేది. నల్లది, పేరు సిత్రోయెన్. ఎద్దులు ముందుండి బండిని లాగినట్టు దీన్ని ముందు చక్రాలే లాగుతాయి కాబట్టి, కార్లన్నిటిలో బుద్ధి ఉన్నది ఇదొక్కటేనని పక్కింటి పసుపు రైతు ఆశన్న తీర్పు. బోధన్‌లో చక్కెర మిషన్లు బిగించడానికి వచ్చిన ఫ్రాన్సు దొర వెళ్లిపోతూ దాన్ని ముక్తార్‌కు ఎందుకిచ్చాడంటే, ముక్తార్ కలాయి పూసిన గిన్నె తళతళకు దొర కళ్లు చెదిరి, మూడు రోజులు దారి కనబడక, ఇక తనకు కారెందుకని ఇచ్చేశాడట. ఇదీ ఆశన్న చెప్పిందే. చెడిపోయిన కారును ఓడెక్కించే ఓపిక లేక ఇచ్చాడన్నది నిజం. కానీ నిజం ఒక్క ముక్కలో అయిపోతుంది, బీడీ కాలేదాకా కూడా సాగదు.

ముక్తార్ దాన్ని ఇంట్లోనే బాగుచేసుకున్నాడు. సామాను దొరికేది కాదు. చక్రం కీలు మీది రబ్బరు తొడుగు చిరిగితే, చెప్పులు కుట్టేవాడితో తోలు తొడుగు కుట్టించి లోపల గ్రీజు నింపాడు. బ్రేకులు తనే విప్పాడు, తనే బిగించాడు. ఒక్క రేడియేటర్ జోలికే పోలేదు. చిత్రమేమంటే, అతని చేతిపనికి లొంగేది అదే. చిల్లు పడ్డ గిన్నెలకు మాటు వేయడం అతనికి తండ్రి చేతినుంచి వచ్చిన విద్య. మొదటిసారి అది కారినప్పుడు, అతను కొలిమి రాజేస్తుండగానే భార్య వాజిదా వంటింట్లోంచి వచ్చి పిడికెడు పసుపు అందులో వేసింది. ఇంజను నడిచేకొద్దీ పసుపు పోయి చిల్లులో ఇరుక్కుంది. కారడం ఆగింది. "నీ బొగ్గులు నువ్వే పెట్టుకో" అంది వాజిదా. అప్పటినుంచి తొమ్మిదేళ్లు రేడియేటర్ ఆమెది, మిగతా కారు అతనిది.

ఆ ఏడు పసుపు తవ్వకాలకు ముందే వాజిదా జ్వరంతో పోయింది. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన కూడా అయింది. ముక్తార్ కళ్లు తడవలేదు. అక్క మహబూబీ కంచం పెడితే తిన్నాడు. పెట్టకపోతే అడగలేదు.

బోధన్‌లో కూతురు ఆబిదాకు ఏడో నెల. మొదటి కాన్పుకు పుట్టింటికి తేవాలి. చెరకు పనిమీద అటు వెళ్లిన ఆశన్న కబురు తెచ్చాడు.

"మీ వియ్యపురాలు గట్టిదే భాయ్. తల్లి లేని ఇంటికి ఎందుకు పంపాలె అంటది. బస్సు కుదుపులకు పంపదట. నీ కారేమో పోయినేడు రెండుసార్లు నడిదారిల ఆవిరి కక్కిందట. గట్ల కక్కకుంట వస్తే పంపుత, లేకుంటే కాన్పు ఈడ్నే అన్నది."

"ఆబిదా ఏమన్నది?"

"అబ్బాను రమ్మను అన్నది. గంతే. లోపలికి పోయింది."

ముక్తార్ కారు తీశాడు. వీధి మలుపు దాటకుండానే రేడియేటర్ మూతలోంచి ఆవిరి లేచి, పసుపు ఉడకబెట్టే కళ్లాం వాసన వచ్చింది. ఇద్దరూ తోసి వెనక్కి తెచ్చారు.

"రెండు పిడికిళ్లు కొత్త పసుపు ఎయ్యనా? మా చేన్లదే" అన్నాడు ఆశన్న.

"ఎక్కువైంది పసుపే ఆశన్నా. గొట్టాలన్ని మూసుకపోయినయ్."

కడగాలి. కడిగితే వాజిదా వేసిందంతా పోతుంది. కడగకపోతే ఆబిదా రాదు. ఇది ముక్తార్‌కు స్పష్టంగానే తెలిసింది. తెలిసినా లోపల ఏమీ కదలలేదు. రేడియేటర్ విప్పి బండమీద పెట్టి, ఇనుప తీగతో ఒక్కో గొట్టం పొడిచాడు. తొమ్మిదేళ్ల పసుపు పెంకులు పెంకులుగా ఊడింది. నీళ్లు పోస్తే వాకిలంతా పచ్చగా పారింది.

ఇప్పుడైనా ఏడుస్తాడని ఆశన్న అతని ముఖంకేసి చూస్తూ కూర్చున్నాడు. ఏడవకపోయేసరికి తనకొచ్చిన విద్య బయటికి తీశాడు.

"గీ పసుపంత మోరీలకెల్లి వాగుల, వాగులకెల్లి మంజీరల వడి, కందకుర్తి కాడ గోదావరికి పెండ్లికళ వస్తది సూడు. ఇగ పోచంపాడ్ చేపల కూరకు ఎవ్వలు పసుపు ఎయ్యనక్కర లేదు."

"జర పక్కకు జరుగు. నీడ పడ్తున్నది" అన్నాడు ముక్తార్.

"ఏందయ్యా నువ్వు! జర ఏడ్వరాదు? నీ సొమ్మేం పోతది?"

"ఏడికెల్లి తేవాలె? వస్తలేదు."

ఆశన్న లేచి, నీడ పడకుండా అవతలికి జరిగి కూర్చున్నాడు.

చిల్లులు రెండే, ఆవగింజంత. ముక్తార్ కొలిమి రాజేసి, నవసారం రుద్ది, తగరం కరిగించి గంటలో పూడ్చేశాడు. నీళ్లు నింపి చూస్తే చుక్క రాలలేదు. మంచి మాటు అనుకున్నాడు, ఇంకెవరి పనినో చూసినట్టు.

గురువారం పొద్దున చెరకు బండ్లను దాటుకుంటూ, ఎక్కడా ఆగకుండా బోధన్ చేరాడు. వియ్యపురాలు కారు చుట్టూ తిరిగి, ముందు జాలీ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. వంక ఏమీ దొరక్క, సీట్లో రెండు దిండ్లు వేసి కోడలిని కూర్చోబెట్టింది.

తిరుగుదారిలో నిజాంసాగర్ కాలువ వంతెన మీద ముక్తార్ కాలు దానంతట అదే బ్రేకు తొక్కింది. ఎప్పుడు బోధన్ వెళ్లొచ్చినా కారు నీళ్లు తాగేది అక్కడే. వాజిదా దిగి, కారును నాలుగు తిట్టి, నీళ్లు తెమ్మని పాత కిరసనాయిలు డబ్బా అతని చేతికిచ్చేది.

"గరమ్ హోగయీ క్యా, అబ్బా?" కారు మళ్లీ ఉడికిందేమోనని ఆబిదా భయపడింది.

అతను దిగాడు. పైభాగం కోసిన ఆ డబ్బా తీసుకుని గట్టు దిగి నింపుకొచ్చాడు. మూత తిప్పాడు. లోపల నీళ్లు అంచుదాకా ఉన్నాయి, తెల్లగా, తేటగా. ఇంకో గుక్కెడు పట్టే చోటు లేదు. డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. వెనక వస్తున్న చెరకు బండివాడు ఎద్దులను ఆపి అరిచాడు.

"ఏం సాబ్, కారు ఆగిందా? నూకాల్నా?"

"ఆగలే. నేనే ఆపిన."

"ఎందుకు మరి?"

ముక్తార్ కారు వైపు చూశాడు. కార్లో ఆబిదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఎందుకు ఏడుస్తోందో అతనికి తెలుసు. అతను డబ్బా దగ్గరి ఎద్దు మూతి ముందు పెట్టి, అది తాగడం అయ్యేదాకా నిలబడి, ఖాళీ డబ్బా వెనక సీట్లో వేసి, కారు స్టార్టు చేశాడు.