రజాయిల సందులో రెండో కొట్టు

మా సందులో పంతొమ్మిది కొట్లుండేవి. సందు మొదట్లో దారాల కొట్టు ఒకటి. మిగతావన్నీ రజాయిలు, పరుపులు, దిండ్లు కుట్టేవే. యుద్ధం అయిపోయిన మూడో ఏట నేను నా షట్టర్ ఎత్తాను. తక్కిన పద్దెనిమిదీ అలాగే పాడుబడి ఉన్నాయి. కొన్నిటికి కప్పు లేదు. కొన్నిటికి కప్పు మాత్రమే మిగిలింది, అది కూడా నేల మీద.

మోసుల్ జనం నదికి అవతలి గట్టున కొనడానికి అలవాటుపడ్డారు. అక్కడ అద్దాల కొట్లు, మిషను దుప్పట్లు, కారు ఆపుకోవడానికి చోటు. నా దగ్గరికి వచ్చేవాళ్లు పాత దూది మళ్లీ ఏకించుకోవడానికి వచ్చేవాళ్లు. పెళ్లి బేరం ఒక్కటీ రాలేదు. రజాయి కుట్టేవాడికి పెళ్లిళ్లే తిండి పెడతాయి.

ఒకరోజు ఒక తల్లీ కూతురూ వచ్చారు. తల్లి రజాయిని తిరగేసి, కుట్టు గోటితో గీకి చూసింది.

"మిగతా కొట్లేవి హాజీ?"

"నువ్వు నిలబడ్డది ఒకదాని మీదే."

ఆవిడ కిందికి చూసి పక్కకి జరిగింది. "సరుకు బాగుంది. కానీ ఒక్క కొట్టు చూసి కొన్నానంటే మా వియ్యపురాలు ఊరంతా చెప్పి నవ్వుతుంది."

"రెండుసార్లు చూడు. రెండు కొట్లు చూసినట్టే."

కూతురు నవ్వింది. తల్లి నవ్వలేదు. వెళ్లిపోయారు.

తప్పు ఆవిడది కాదు. మోసుల్‌వాళ్లు పిసినారులని బాగ్దాద్‌వాళ్లు కథలు చెప్పుకుంటారు. అందులో సగం నిజమే. మూడు కొట్లు తిరిగి, ముగ్గురినీ విసిగించి, మళ్లీ మొదటి కొట్టుకే వచ్చి కొంటేగాని మాకు కొన్నట్టుండదు. ఒక్క కొట్టున్న సందులోకి ఎవరొస్తారు?

దానికితోడు బియ్యం టోకు వ్యాపారి ఒకడు సందు మొత్తాన్ని గోదాము చేస్తానని కొట్లవాళ్ల చుట్టూ తిరుగుతున్నాడు. చాలామంది ఇచ్చేశారు. నలుగురు ఇంకా తేల్చుకోలేదు. వాళ్లూ ఇచ్చేస్తే అటూ ఇటూ బస్తాలు, మధ్యలో నేను. నాకు అరవై ఆరేళ్లు. ఇంకో పని రాదు. ఇంటికి పడుకోవడానికి మాత్రం వెళ్తాను. నా భార్య సబీహా పోయాక అక్కడ చేసే పనేమీ లేదు.

చలికాలం మొదట్లో నా పక్క కొట్టు షట్టర్ లేచింది. లేపినవాడు ఇద్రీస్.

ఇద్రీస్ సంగతి చెప్పాలి. యుద్ధంలో సబీహాకి షుగరు మందు అవతలి గట్టునే దొరికేది. మా ఇద్దరిలో ఆమెనైనా దాటించమని అడిగితే ఇద్రీస్ తన కారులో చోటిస్తానన్నాడు. ఆమె మూట కట్టుకుని సందు మొదట్లో నిలబడింది. కారు వచ్చింది. అద్దాల దాకా దూది బేళ్లున్నాయి. "ఇవి దింపేసి మళ్లీ వస్తా అక్కా" అన్నాడు. మర్నాడు తెల్లవారుజామునే వంతెన మీద బాంబు పడింది. నాలుగు నెలల తర్వాత సబీహా మందు అందక నేలమాళిగలో పోయింది. వంతెన పోతుందని వాడికేం తెలుసు అంటారు జనం. నిజమే, తెలియదు. కారులో ఎక్కించింది దూది అని మాత్రం తెలుసు.

మొదటి రోజు వాడు నా గుమ్మం ముందు ఆగాడు.

"సలాం హాజీ ధన్నూన్."

"నీ గోడ నా గోడ మీదికి ఒరిగింది. సరిచేయించు."

"చేయిస్తాను."

అంతే మాట్లాడుకున్నాం.

రెండు కొట్లయ్యాక జనం కొద్దికొద్దిగా రాసాగారు. చూసి బేరమాడడానికి రెండో చోటు దొరికింది కదా. మా సందుకి తాతలనాటి పద్ధతి ఒకటుంది. పొద్దున్నే ఎవరి కొట్టు ముందు వాళ్లు కుర్చీ వేస్తాం. బోణీ అయినవాడు కుర్చీ లోపల పెట్టేస్తాడు. ఆ తర్వాత అతని దగ్గరికి వచ్చిన బేరాన్ని, ఇంకా కుర్చీ బయటున్న కొట్టుకి పంపుతాడు. అందరి బోణీలూ అయ్యాకే ఎవరి వ్యాపారం వాళ్లది. కుర్చీని ఎవరూ తనిఖీ చేయరు. చేయాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

నేను బోణీ అయ్యాక కూడా కుర్చీ బయటే ఉంచాను.

ఇద్రీస్ ఒకటి అమ్మి కుర్చీ లోపల పెట్టుకునేవాడు. తర్వాత వచ్చినవాళ్లను నా దగ్గరికి పంపేవాడు. ఒకర్ని, ఇద్దర్ని, ముగ్గుర్ని. కొన్నిరోజులు వాడికి బోణీ కాకముందే నేను మూడు అమ్మేవాణ్ని, ఒక్కర్నీ పంపేవాణ్ని కాదు. మధ్యగోడకి కన్నముంది, వాడికి అన్నీ వినపడేవి. అయినా ఏమీ అనలేదు. అనకపోవడంతో నాకు ఇంకా మండింది. రెండు వారాలు అలాగే నడిపాను. సిగ్గుపడలేదు.

మూడోవారం బుధవారం నజ్లా వచ్చింది. దారాల కొట్టు శహ్వాన్ కూతురు, నలభై ఏళ్ల మనిషి, బడిలో లెక్కలు చెప్పేది. తండ్రి పోయాక ఆ కొట్టు ఆమెకొచ్చింది. తేల్చుకోని నలుగురిలో ఆమె ఒకతె. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా హాజిమ్ చాయ్ బండి దగ్గర కూర్చుంది. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చింది.

"కుర్చీ భలే బరువులా ఉంది బాబాయ్. లోపల పెట్టలేకపోతున్నావా?"

నేను విల్లు ఆపలేదు. దూది ఏకుతూనే ఉన్నాను.

"పొద్దున ఒక రజాయి వెళ్లింది. తర్వాత రెండు దిండ్లు. తర్వాత పరుపు. నాలుగు గ్లాసులు చాయ్ తాగి లెక్కపెట్టాను. హాజిమ్ చాయ్ నాలుగు గ్లాసులు తాగడమంటే మాటలు కాదు."

"వినబడుతోంది తల్లీ" అన్నాడు హాజిమ్ అక్కణ్నుంచే.

"వినబడాలనే అన్నాను మావయ్యా." మళ్లీ నా వైపు తిరిగింది. "మిగతా ముగ్గురూ నన్ను చూసి రమ్మన్నారు. సందు మునుపటిలా ఉందా లేదా చెప్పమన్నారు. శనివారం బియ్యం ఆయనకి జవాబివ్వాలి. ఏం చెప్పమంటావు?"

"ఈ పక్క కొట్టువాడు ఎవడో నీకు తెలుసా?"

"తెలుసు. పిన్ని అక్కడ, మా కొట్టు ముందే మూట పట్టుకుని నిలబడింది. ఆ కారు వెళ్లడం నాన్న చూశాడు."

"మరి?"

"మరి వాణ్ని తిట్టు. కావాలంటే కొట్టు, నేను అడ్డురాను. కుర్చీ చేత అబద్ధం ఎందుకు ఆడిస్తున్నావు? రేపు నేను ఇక్కడ కొట్టు పెడితే నీ కుర్చీని ఎలా నమ్మను? నమ్మకం లేనిచోటికి అంత దూరం నుంచి ఎందుకు రావాలి? అవతలి గట్టున ఎలాగూ ఎవరూ ఎవర్నీ నమ్మరు. అక్కడ కనీసం కరెంటుంది."

 ఆమె నా జవాబు కోసం ఆగలేదు.

ఆ రోజంతా ఆమె మీద కోపంగా ఉన్నాను. సాయంత్రానికి లెక్క తేలింది. కారులో దూది ఎక్కించినప్పుడు ఇద్రీస్ నా భార్యను నాకు లేకుండా చేశాడు. ఇప్పుడు సందును చంపుతున్నది మాత్రం వాడు కాదు.

గురువారం పొద్దున్నే ఒక ముసలాయనకి దిండు అమ్మాను. కుర్చీ లోపల పెట్టాను. హాజిమ్ గ్లాసు కడుగుతూ చూశాడు.

"ఏంటి హాజీ, వాన వస్తుందా?"

"నీ పని చూసుకో."

పదిన్నరకి ఐదుగురు వచ్చారు. పెళ్లికూతురి తల్లి, మేనమామ, ముగ్గురు ఆడవాళ్లు. ఆరు రజాయిలు, నాలుగు పరుపులు, దిండ్లు, మంచి శాటిన్ గుడ్డ. సందు తెరిచాక అంత బేరం రాలేదు. తల్లి నా గుమ్మంలోకి అడుగు పెట్టింది. ఇద్రీస్ కుర్చీ బయట ఉంది. వాడు లోపల సూదిలో దారం ఎక్కిస్తున్నాడు, తలెత్తలేదు. నేను పంపుతానని వాడు అనుకోలేదు.

"నాకు బోణీ అయింది," అన్నాను. "పక్కాయనకి కాలేదు. అక్కడికి వెళ్లండి."

"మీ చేతి పని మంచిదని విని వచ్చాం."

ఆ మెప్పుకి తలూపి ఊరుకోవచ్చు. పంపినట్టే పంపి, మళ్లీ నా దగ్గరికే వచ్చేలా దొంగతనం చేయవచ్చు.

"నేను ఏకిన దూది మంచిది," అన్నాను. "కుట్టు అతనిదే మంచిది. నాకన్నా సన్నం."

మేనమామ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. పల్లెటూరివాడై ఉంటాడు. తల్లికి మాత్రం తెలుసు, ఈ ఊరి మనిషి. "ఇంకా ఇలా పంపుతున్నారా?" అంది. నేను విల్లు అందుకున్నాను. వాళ్లు పక్కకి వెళ్లారు. గంటన్నర బేరమాడారు. ప్రతి మాటా గోడ కన్నంలోంచి వినపడింది. ఇద్రీస్ మరీ తగ్గించి ఇచ్చాడు. వాడికి మొదటి నుంచీ బేరం చేతకాదు.

మధ్యాహ్నం నా గుమ్మం ముందుకి వచ్చాడు.

"హాజీ, సబీహా అక్క సంగతి..."

"ఆ పేరు ఎత్తకు."

ఆగాడు.

"నీతో కలిసి రొట్టె తినను. నీ చావుకి రాను, నా చావుకి నువ్వు రావద్దు. నీకు బోణీ కాకపోతే బేరం పంపుతాను. వీటిలో ఏదీ మారదు."

"సరే."

అక్కడే నిలబడ్డాడు.

"ఇంకేంటి?"

"వచ్చే గురువారానికి కావాలన్నారు. ఆరు రజాయిలు, నాలుగు పరుపులు. నా ఒక్కడి వల్ల కాదు."

"ఒప్పుకునే ముందు ఆలోచించాలి."

"ఆలోచించాను. నువ్వు ఏకుతావనుకున్నాను."

పళ్లు కొరుక్కున్నాను. "దూది తెచ్చి పడెయ్. నేను ఏకింది గోడ కన్నంలోంచి ఇస్తాను. గుమ్మం దాటి రాకు."

అలాగే చేశాం. రెండు రోజులు మా మధ్య దూది తప్ప ఏమీ నడవలేదు.

శనివారం నజ్లా వచ్చింది. గురువారం సంగతి హాజిమ్ చేరవేసే ఉంటాడు. బియ్యం ఆయనకి జవాబు ఏమిచ్చిందో ఆమె చెప్పలేదు. తాళం తీసి షట్టర్ పట్టి లాగింది. తుప్పు పట్టింది, లేవలేదు. హాజిమ్ వెళ్లాడు. లేవలేదు. నేను ఇటు చివర పట్టుకున్నాను. కాసేపటికి ఇద్రీస్ అటు చివర పట్టుకున్నాడు. నడుము ఎత్తు దాకా వచ్చి ఆగిపోయింది.

"చాలు బాబాయ్," అంది నజ్లా. "ఇవాళ్టికి వంగి వెళ్తాను. మిగతా ముగ్గురూ వచ్చేవారం శుభ్రం చేసుకోవడానికి వస్తున్నారు. వాళ్లలో ఒకాయనకి వెల్డింగ్ వచ్చు."

వంగి లోపలికి వెళ్లింది. లోపల తండ్రి పేర్చిన దారం ఉండలు ఇంకా ఉన్నాయి. దుమ్ము దులిపి రెండు బయట పెట్టింది.

ఎర్రదారం ఇద్దరికీ కావాలి. ఇద్రీస్ అడగబోయాడు. వాడికంటే ముందు నేను అడిగాను. ఆమె ధర చెప్పింది. ఎక్కువని అన్నాను. నాలుగేళ్ల దుమ్ము కింద ఉన్న దారం, పీకితే తెగుతుందన్నాను. పీకి చూపించాను. తెగలేదు.

"చూశావుగా," అంది నజ్లా.

"ఇంకొకటి తియ్," అన్నాను. "అదీ చూస్తాను."