శ్యాంసన్ ఎక్స్-రే

కొరియా వాళ్ళు మా తమ్ముడికి వీసా ఇవ్వాలంటే క్షయ లేదని కాగితం చూపించాలట. ఆ పరీక్ష చెన్నైలో, వాళ్ళు చెప్పిన ఆసుపత్రిలోనే చేయించుకోవాలి. అక్కడ ఏం తేలుతుందోనని నాకు అన్నం సయించలేదు. ముందు మార్కాపురంలో ఒకసారి చూపించుకుందామని శ్యాంసన్ వెంటపడ్డాను. ఇంజనీరింగ్ అయ్యాక కొరియా యూనివర్సిటీలో ఫీజు లేకుండా సీటు తెచ్చుకున్నాడు వాడు. ఆదివారం పాస్టరుగారు ఆ సంగతి చెప్పి సంఘమంతటి చేతా చప్పట్లు కొట్టించారు. వీసా రాకపోతే ఏం చెప్పుకోవాలోనని నాకు ఆ చప్పట్లే భయం.

"నువ్వు భయపడేది గాక నన్నూ భయపెడతావేందక్కా," అన్నాడు గానీ వచ్చాడు.

డాక్టరు ఎక్స్-రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. ఊపిరితిత్తుల పైభాగంలో చిన్న చిన్న మచ్చలు. చంకలో మా పాప కృప నా చెవిదుద్దు లాగుతున్నా నాకు తెలియలేదు.

"రాతిపొడిలో పనిచేసినావా?"

"పలకల ఫ్యాక్టరీలో సార్. స్కూలప్పటి నుంచి ఎండాకాలం సెలవుల్లో, మా బావ పక్కన మిషను కాడ కూచునేవాణ్ణి."

ఆ బావ మా ఆయన, ఆనంద్ బాబు.

"పొడి వల్లే అనుకుంటా. అయినా కళ్ళె పరీక్ష చేయాల."

ఫలితం వచ్చేదాకా శ్యాంసన్ దగ్గితే చాలు, నా చేతిలో పని ఆగిపోయేది. కృపను వాడి దగ్గరికి పోనివ్వలేదు. వాడు గమనించాడు.

క్షయ లేదన్నారు. "చెన్నైలో ఈ ఫిల్మూ రిపోర్టూ చూపించు. మళ్ళా ఆ పొడిలోకి పోవాకు," అన్నాడు డాక్టరు.

సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మా ఆయనకు చెప్పాం.

"అయితే బామ్మర్ది విమానం ఎక్కినట్టే," అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. కనుబొమ్మల మీద బూడిదరంగు పొడి. కృప చేతులు చాపుకుంటూ వాళ్ళ నాయన మీదికి పోబోయింది. గౌను పట్టుకుని ఆపాను.

సెలవుల్లో కూర్చున్నవాడి రొమ్ములోనే మచ్చలుంటే, రోజూ కూర్చునేవాడికో?

"రేపు నువ్వూ తీయించుకోవాల," అన్నాను.

"నాకెందుకే? నేనేమన్నా కొరియా పోతున్నానా?"

శ్యాంసన్ నవ్వలేదు. "నేనూ వస్తా బావా. పొద్దున్నే పోదాం."

ఆయన మా ఇద్దరి మొహాలూ చూశాడు. గుండీలు విప్పుకుంటూ వాకిట్లోకి తిరిగాడు.

"పాపను లోపలికి తీసకపో," అన్నాడు. "చొక్కా దులపాల."