మూడో పలక

ముత్యాలప్ప మోపెడ్ వెనక డిష్ పళ్లెం పెట్టి తాడు బిగించి, ముడి సరిగా పడిందో లేదో ఎప్పటిలాగే బొటనవేలితో నొక్కి చూశాడు. ముందు సంచిలో స్పానర్లు, వైరు కట్ట, సిగ్నల్ చూసే చిన్న మీటరు. ఇవి రోజూ ఉండేవే. ఈ రోజు మాత్రం హ్యాండిలుకు ఇంకో సంచి వేలాడుతోంది. అందులో రెండు చొక్కాలు, లుంగీ, తువ్వాలు, దువ్వెన. ఎవరైనా అడిగితే ఉతకడానికి వేయబోతున్నానని చెబుదామనుకున్నాడు. హోసూరు బస్టాండు వెనక ఆ సందులో అతణ్ణి అడిగేవాళ్లు ఎవరూ లేరు.

యాభైకి దగ్గరపడిన మనిషి. మిద్దెలు ఎక్కీ దిగీ పిక్కలు గట్టిపడ్డాయి, ఎండకు మెడ వెనక చర్మం నల్లగా ముడతలు పడింది, ఆకాశం వైపు చూసీ చూసీ ఎడమ కన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉంటుంది. సొంత ఊరు డెంకణికోట పక్కన, అడవి అంచున. పెళ్లి కుదిరిన ఏడు కోతకొచ్చిన రాగిచేను ఏనుగులు తొక్కాయి. చేనుతోపాటు సంబంధమూ పోయింది. మరుసటి ఏడు చేను మళ్లీ పండింది గానీ పెళ్లి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ పోయాక హోసూరు చేరి, ఫ్యాక్టరీలో టెంపరరీగా కొన్నాళ్లు, కేబుల్ వైర్లు లాగుతూ కొన్నాళ్లు గడిపి, చివరికి డిష్‌ల పనిలో పడ్డాడు.

ఈ పనిలో ఒక చిక్కుంది. పగటిపూట ఇళ్లలో ఆడవాళ్లే ఉంటారు. మిద్దె ఎక్కాలంటే ఇంట్లోంచే పోవాలి. కొత్తలో ఒక ముసలామె గడపలోనే నిలబెట్టి, "పెండ్లయిందా?" అని అడిగింది. లేదన్నాడు. "మొగోళ్లు ఉండేటప్పుడు రాప్పా" అని తలుపేసుకుంది. రెండో ఇంట్లో అయిందన్నాడు. మజ్జిగ ఇచ్చి మరీ మెట్లు చూపించారు. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా, పెళ్లానికి ఒక పేరు కావలసివచ్చింది. పచ్చయమ్మ అన్నాడు. తర్వాత చిత్ర అని ఒక కూతురు పుట్టింది. పచ్చయమ్మకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి. చిత్రను ఏటా జూన్‌లో తప్పకుండా ఒక క్లాసు పైకి జరిపేవాడు. ఒక్కసారీ ఫెయిల్ చేయలేదు. ఆ పిల్లంటే అతనికి నిజంగానే ప్రేమ.

హోసూరు దగ్గరి అత్తిముగం ఊళ్లో రామకృష్ణప్ప ఇంటి మీద డిష్ పెట్టింది ముత్యాలప్పే. గాలివాన కొట్టి టీవీలో బొమ్మ పోయినప్పుడల్లా రామకృష్ణప్ప భార్య పాపక్క కబురు చేసేది. పని అయ్యాక ఊరికే పంపేది కాదు. అరుగు మీద కూర్చోబెట్టి రాగిముద్ద, ఉలవచారు పెట్టి, "పచ్చయమ్మకు మోకాలు ఎట్లుండాదప్పా?" అని అడిగేది. ఒకసారి తానే నూనె కాచి సీసాలో పోసిచ్చింది. అతను ఆ నూనె తన మోకాళ్లకే రాసుకున్నాడు. ఈ లోకంలో అతణ్ణి ఇంటి సంగతులు అడిగే మనిషి ఆమె ఒక్కతే. ఆ ఇంట్లో సంగతులేవీ లేవన్నది వేరే మాట.

రామకృష్ణప్ప బతుకంతా లారీ తోలినవాడు. ఆయన దేశమంతా తిరిగితే పాపక్క కృష్ణగిరి దాటలేదు. లారీ వదిలేశాక ఆయన పాత మెటడార్ వ్యాను ఒకటి కొని, బర్గూరులో బాడీ కట్టించి, లోపల పడుకోవడానికి పలకలు, నీళ్ల డ్రమ్ము, సామాన్ల అర పెట్టించాడు. కాశీదాకా పోయి, ఏడాదిపాటు తిరిగి వద్దామన్నాడు. పాపక్క ఒకే ఒక్క మాటంది: బండిలో టీవీ ఉండాలి.

పోయిన వారం కొలతలకు వచ్చినప్పుడు ముత్యాలప్ప బండిలో మూడు పలకలు చూశాడు. మనుషులేమో ఇద్దరే.

"ఈ మూడోది ఎవరికి, అన్నా?"

"తోడు ఒకడుంటే మంచిది కదప్పా. చూస్తాం."

ఆ 'చూస్తాం' అన్న మాట పట్టుకుని ముత్యాలప్ప వారమంతా గాల్లో మేడలు కట్టాడు. బండి ఆగిన చోటల్లా డిష్ తిప్పాలి. అది తెలిసినవాడు కావాలి. తనుగాక ఇంకెవరు? పచ్చయమ్మ సంగతి అడిగితే పుట్టింటికి పంపినానని చెప్పొచ్చు. పిలిస్తే చాలు, ఎక్కి కూర్చుంటాడు. తనంతట తాను అడగడం మాత్రం అతనివల్ల కాదు. పిలవని పేరంటానికి పోయి ఎరగడు.

అత్తిముగం చేరేసరికి బండి వాకిట్లో పసుపు కుంకుమలతో సిద్ధంగా ఉంది. మధ్యాహ్నం రాహుకాలం దాటాక బయలుదేరతారట. ముత్యాలప్ప రెండో సంచిని మోపెడ్‌కే వదిలి పనిలోకి దిగాడు. బండి వెనక నిచ్చెనకు క్లాంపులు బిగించి పైపు నిలబెట్టాడు. పోయేటప్పుడు పళ్లెం పడుకోబెట్టేలా, ఆగినప్పుడు లేపేలా మడత బందు వేసి, ఎంత ఎత్తాలో పైపు మీద ఎర్రగీత గీశాడు. వైరు లోపలికి లాగి సెట్‌టాప్ బాక్సు పెట్టి చిన్న టీవీకి తగిలించాడు.

పాపక్క కింద నిలబడి చూస్తోంది. "ఇది తిప్పేది నాకు వస్తాదా, ముత్యాలప్పా?"

ఒక్క మాట చాలు. మీటరు లేకుంటే కాదక్కా, తెలిసినోళ్లు ఉండాల అంటే చాలు. మూడో పలక తనదే. అతని నోటిదాకా వచ్చింది కూడా.

"సీరియళ్ల కోసం అనుకుంటాండాడు మా ఆయన," అంది పాపక్క గొంతు తగ్గించి. "ఆ దేశంలో మన మాట యాడ ఇనిపిస్తాదప్పా? ఏడాదంతా మూగదాని మాదిరి ఉండాల. ఈ పెట్టెలో అయినా మన మాట ఇనిపించనీ అని."

నేనొస్తే మాట్లాడనా అక్కా, అనుకున్నాడు ముత్యాలప్ప. పెళ్లాం బిడ్డల విషయంలో ఎన్ని కోతలు కోసినా, పని విషయంలో అతను అబద్ధమాడిన మనిషి కాదు.

"అక్కా, బండి నిలిపితే నువ్వు స్టవ్వు యాడ పెడతావు?"

"ఆగ్నేయం మూల. ఇంగ యాడ పెడతారు?"

"అంతే. యాడ నిలిపినా ముందు స్టవ్వు దించు. పళ్లెం మొకం ఆ స్టవ్వు తట్టు తిప్పు. ఈ ఎర్రగీత దాకా పైకెత్తు. ఉత్తరానికి పోయేకొద్దీ తల కొంచిం కొంచిం వంచి, దక్షిణానికి జరుపు. బొమ్మ వచ్చిన తావ నిలుపు."

పాపక్క కొంగు దోపుకుని నిచ్చెన రెండు మెట్లెక్కింది. వాకిట్లో ఆగ్నేయం మూలకు ఒకసారి చూసి, పైపు పట్టుకుని మెల్లగా తిప్పింది. లోపల ఖాళీగా ఉన్న టీవీ ఉన్నట్టుండి తెలుగులో మాట్లాడింది. పాపక్క చిన్నపిల్లలా నవ్వింది. ముత్యాలప్ప కూడా నవ్వాడు. ఆమె సంతోషం చూస్తే అతనికి కడుపు నిండింది, అదే క్షణంలో దిగులూ ముంచుకొచ్చింది. ఇక తనతో పనిలేదు.

రామకృష్ణప్ప చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నీ స్పానరు ఇటియ్యప్పా." లోపలికి వంగి మూడో పలక బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

"తీసేస్తాండావేమన్నా?"

"బియ్యం మూటలు పెట్టుకుంటాం. నీతో చెప్పేదానికేమి, ఈ పలక నిన్ను మనసులో పెట్టుకొనే ఏయించినాను. మీ పాపక్కే ఒప్పలేదు."

"ఎట్ల ఒప్పుతాను?" అంది పాపక్క. "పెండ్లాము మోకాళ్లతో లేవలేకుండాది. ఆడపిల్ల ఇంట్లో ఉండాది. సంసారం ఉండేవాణ్ణి ఏడాది ఈడ్చుకోని పోతే ఆ పాపం మాకు అంటదా?"

ముత్యాలప్ప తడుముకున్నాడు. "పచ్చయమ్మ పుట్టింటికి... పోతానంటాంది అక్కా."

"చిత్రకు పదో క్లాసు పరీక్షలని నువ్వే అంటివి కదప్పా. ఇప్పుడు పుట్టిల్లేమి? తండ్రి ఇంట్లో ఉంటే బిడ్డకు అదో ధైర్యం."

నిజం చెప్పడానికి ఇదొక్కటే సమయమని అతనికి తెలుసు. పచ్చయమ్మ లేదు, చిత్ర లేదు, నాకెవరూ లేరు, నన్ను తీసుకుపొండి. నోరు తెరిచాడు. పాపక్క అతని వంకే చూస్తోంది, ఎన్నేళ్లుగానో చూసినట్టే నమ్మకంగా. ఆమె కాచిచ్చిన నూనె గుర్తొచ్చింది. చిత్ర లేదు అన్న మాట ఎంతకీ నోటికి రాలేదు. ఇన్నేళ్లు ఒక్కో క్లాసూ చదివించుకొచ్చిన పిల్లను వాకిట్లో నిలబడి చంపుకోలేకపోయాడు.

"అవునక్కా," అన్నాడు. "లెక్కల్లో కొంచిం వెనకబడి ఉండాది."

"ఆ పలక ఎత్తుకపోప్పా. బిడ్డ కూర్చొని సదువుకొనేదానికి బాగుంటాది."

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. రామకృష్ణప్ప బండి తీశాడు. నిమ్మకాయలు చితికాయి. పాపక్క కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "పచ్చయమ్మను అడిగినానని చెప్పు!" అని అరిచింది. వెనక నిచ్చెన మీద డిష్ పళ్లెం ఒద్దికగా పడుకుని ఉంది. శూలగిరి రోడ్డు మలుపులో దుమ్ము లేచి, అణిగింది.

ముత్యాలప్ప పలకను మోపెడ్ వెనక అడ్డంగా పెట్టి తాడు బిగించి, ముడిని బొటనవేలితో నొక్కి చూశాడు.

గదికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. చొక్కాలు తీసి మళ్లీ మేకుకు తగిలించాడు. పలకను గోడకు నిలబెట్టి, దాని పక్కనే చాప పరుచుకున్నాడు. పలక మీద కొత్త రెగ్జిను, దాని మీద ఇంకా ఊడదీయని ప్లాస్టిక్ కాగితం, నాలుగు మూలలా బోల్టులు పోయిన రంధ్రాలు. గోడకు ఆనుకుని నిలబడ్డ ఆ పలక సరిగ్గా ఒక మనిషి పొడవుంది.